జ్వరం తగ్గాక కూడా ఆ మాత్రలు ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి వణుకుతో జ్వరం వస్తే రక్తపరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అన్నారు. మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్ రాశారు. మూడో రోజుకే జ్వరం పోయింది. ఈరోజుకి ప్రైమాక్విన్ మొదలుపెట్టి ఆరో రోజు. పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నారు, కాసేపటికే కడుపులో మెలిపెడుతోందంటున్నారు. ‘జ్వరమే లేదు, ఇంకా ఇవెందుకు? ఆపేస్తా’ అని ఒకటే గొడవ. మా మరిదికి కూడా నిన్నటి నుంచి చలిజ్వరం. మిగిలిన మాత్రలు అతనికి ఇచ్చేద్దామంటున్నారు. ఈ మందు పడనివాళ్లకు మూత్రం నల్లగా వస్తుందని ఎవరో చెప్పారు, అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. దానికేదో ఎంజైమ్ పరీక్ష ఉంటుందట. అది చేశారో లేదో మాకు తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగినదే అన్నిటికన్నా ముఖ్యం. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆస్పత్రి కాగితాలన్నీ తీసి జి6పీడీ అని ఎక్కడైనా ఉందేమో చూడండి. ఎదురుగా ‘నార్మల్’ అనో, ‘లోపం లేదు’ అనో ఉంటే మీ భయం చాలావరకు తీరినట్టే. అలాంటి రిపోర్టు కనబడకపోతే ఈరోజే, రేపటి మాత్ర వేసుకునేలోపే, మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ‘ఆరు రోజులు వేసుకున్నారు, ఏమీ కాలేదు కదా’ అని ఊరుకోవద్దు.

జి6పీడీ అనేది ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్. కొందరికి పుట్టుకతోనే అది తక్కువగా ఉంటుంది. చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, వాళ్లకే ఆ సంగతి తెలియదు. అలాంటివాళ్లు ప్రైమాక్విన్ వేసుకుంటే ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఒకే మందు కొందరికే ఇలా ఎందుకు చేస్తోందని వెతికి, 1956లో కార్సన్, ఆల్వింగ్‌ల బృందం ఈ ఎంజైమ్ లోపాన్ని బయటపెట్టింది. అంటే ఇది వైద్యులకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన ప్రమాదమే. ముందే పరీక్ష చేసి తప్పించదగ్గ ప్రమాదం కూడా. పరీక్ష జరగకుండానే మందు మొదలైందని వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది.

మీరు విన్న నల్ల మూత్రం ఇదే. కణాలు పగిలితే మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. కళ్లు పచ్చబడతాయి, నాలుగు అడుగులు వేసేసరికి ఆయాసం వస్తుంది, ఒంట్లో శక్తంతా లాగేసినట్టు అయిపోతుంది. కొందరికి నడుం నొప్పి కూడా వస్తుంది. మామూలుగా మొదటి వారంలోనే ఇవి మొదలవుతాయి. రోజూ పొద్దున మొదటిసారి వచ్చే మూత్రాన్ని కాస్త గాజు సీసాలో పట్టి పగటి వెలుతురులో చూడమనండి. నీళ్లు తక్కువ తాగితే మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, అది వేరు. బాగా నీళ్లు తాగితే ఒకటి రెండు సార్లలో పలచబడుతుంది. ఎర్రగానో, నల్లగానో వస్తే మాత్రం ఇంకో మాత్ర వేసుకోకుండా, ఉన్న స్ట్రిప్ చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అప్పుడు చేసే జి6పీడీ పరీక్షలో ఒక చిక్కుంది. పాత కణాలు పగిలిపోయి కొత్తవి ఎక్కువగా ఉంటాయి, కొత్తవాటిలో ఎంజైమ్ కాస్త ఎక్కువ. అందుకని లోపం ఉన్నా నార్మల్ అని రావచ్చు. డాక్టరు కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించమంటే అనుమానపడకండి.

లోపం ఉందని తేలినా దారి మూసుకుపోదు. రోజూ వేసే బదులు వారానికొక డోసు చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి ఉంది. అది డాక్టరు దగ్గరుండి చూసుకుంటూ ఇచ్చేది, ఇంట్లో మనమే లెక్కలు వేసుకుని చేసుకునేది కాదు.

ఇక మీ వారి ‘ఎందుకు’కి జవాబు. క్లోరోక్విన్ రక్తంలో ఉన్న క్రిములను చంపుతుంది. జ్వరం తెచ్చేవి అవే కాబట్టి రెండు మూడు రోజుల్లో జ్వరం పోతుంది. కానీ వైవాక్స్ క్రిమి కొంత కాలేయంలో నిద్రాణంగా దాక్కుంటుంది. దాని జోలికి క్లోరోక్విన్ పోలేదు, ప్రైమాక్విన్‌ది ఆ పని. మధ్యలో ఆపేస్తే ఆ మిగిలినవి కొన్ని వారాలకో, కొన్ని నెలలకో లేచి జ్వరం తిరగబెడుతుంది. మనిషి మాత్రం ఇంకో దోమ కుట్టిందనుకుంటాడు. అలా ఒకే మలేరియాతో పదే పదే వచ్చి, ప్రతిసారీ ఇంకొంత రక్తం తగ్గి, పాలిపోయిన మొహాలతో కూర్చునేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను. ఎంజైమ్ సంగతి తేలి, డాక్టరు సరేనంటే, మీ వారు 14 రోజులూ పూర్తి చేయాల్సిందే. ఇందులో బేరం లేదని నా మాటగా చెప్పండి.

కడుపు నొప్పికి మందు ఆపక్కర్లేదు. పరగడుపున వేసుకోవడం మాని కడుపు నిండా తిన్నాక వేసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. పొద్దున కుదరకపోతే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు, రోజూ అదే వేళకు వేసుకుంటే చాలు. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు ఆ రోజే వేసుకోవాలి. రోజంతా దాటిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకుండా చివర్లో ఒక రోజు పొడిగించండి.

మీ మరిదికి ఈ మాత్రలు ఇవ్వొద్దు. ముందు రక్తపరీక్ష కావాలి. అతనికి వచ్చింది అసలు మలేరియానో కాదో మనకి తెలియదు. ఫాల్సిపేరం రకమైతే ప్రైమాక్విన్ ఒక్కదానితో తగ్గదు, రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ‘అన్నకు పడింది కదా, తమ్ముడికీ పడుతుంది’ అన్న ధీమా కూడా పనికిరాదు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లలో ఒకరికి ఈ లోపం ఉండి ఇంకొకరికి లేకపోవడం మామూలే. అన్న డోసులు పంచితే ఇద్దరిదీ సగం వైద్యమే అవుతుంది.

ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు ప్రైమాక్విన్ అసలు ఇవ్వకూడదు, కడుపులో బిడ్డకు ఆ లోపం ఉందో లేదో తెలిసే వీలుండదు. చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లి డాక్టరుకు ఆ మాట ముందే చెప్పాలి.

ప్రశ్న: మా బాబుకి అయిదేళ్లు, 16 కిలోల బరువు. ఫాల్సిపేరం అని ఆర్టిమీథర్-ల్యూమీఫాంట్రిన్ మాత్రలు పూటకు రెండు చొప్పున మూడు రోజులకు ఇచ్చారు. మొదటి డోసు మింగిన పావుగంటకే వాంతి చేసుకున్నాడు. మళ్లీ వేస్తే ఎక్కువైపోతుందా?

జవాబు: గంటలోపు వాంతి అయితే ఆ డోసు లోపలికి చేరనట్టే లెక్క, మళ్లీ పూర్తిగా వేయాలి. అయితే మీ స్ట్రిప్‌లో ఆరు పూటలకు సరిపడా 12 మాత్రలే ఉంటాయి. అందులోంచే తీసి వేస్తే మూడో రోజు రాత్రికి డోసు ఉండదు. అప్పటికి పిల్లాడు ఆడుకుంటూ ఉంటాడు, ఆ ఒక్క డోసు పోతే పోయిందిలే అనిపిస్తుంది. అలా అనిపించే అవకాశమే లేకుండా ఇప్పుడే ఇంకో రెండు మాత్రలు అడిగి తెచ్చుకోండి.

ఈ మందు కొవ్వు ఉన్న ఆహారంతోనే ఒంటికి బాగా పడుతుంది. పాలు పట్టి వేయండి, మింగలేకపోతే పొడి చేసి కాసిని నీళ్లలో కలపండి. మొదటి డోసు వేసిన ఎనిమిది గంటలకు రెండోది, తర్వాతి రెండు రోజులూ ఉదయం, సాయంత్రం. గుండె లయకు సంబంధించిన మందులేవైనా వాడుతుంటే, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే డాక్టరుకు చెప్పండి.

రెండోసారి కూడా కక్కేస్తే మూడోసారి ప్రయత్నించకండి. అలాగే మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఎగపోస్తున్నా, మూత్రం బాగా తగ్గినా నోటి మందుతో కాలం గడపకుండా ఆస్పత్రిలో చేర్చండి, ఇంజెక్షన్ రూపంలో ఆర్టిసునేట్ ఇస్తారు. మూడు రోజుల మందు పూర్తయ్యాక కూడా జ్వరం ఉంటే రక్తం మళ్లీ పరీక్షించమని మీరే అడగండి.