ఆ బర్రె ఏమైంది, తమ్ముడూ?

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. కానీ నాలుగో పేజీలో "పిండాన్ని ఒక గేదె గర్భంలో పెట్టారు" అన్న చోట నాకు నిజంగా కోపమొచ్చింది. ఆ తర్వాత అది కథలో మళ్లీ కనబడదు. అంతరించిన అడవిబర్రె క్లోన్‌గా పుట్టింది, మంత్రిగారు వచ్చారు, అందరూ చప్పట్లు కొట్టారు. మరి మోసి కన్నది ఏమైంది?

ఇదేమీ ఉత్త ఊహ కాదు. 2014 డిసెంబర్‌లో హర్యానాలోని కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో దీపాశ అనే దూడ పుట్టింది. ఛత్తీస్‌గఢ్ ఉదంతి అభయారణ్యంలోని ఆశ అనే అడవిబర్రె చెవి నుంచి తీసిన కణాలతో చేసిన క్లోన్ అది. దీపాశ పేరు పేపర్లకెక్కింది. మోసిన ఊరబర్రె గురించి నేనెక్కడా ఒక్క ముక్క చదవలేదు. స్పెయిన్‌లో బుకార్డో అనే కొండమేక 2000లో అంతరించింది. 2003లో దాన్ని తిరిగి పుట్టించాలని 57 మేకల గర్భాల్లో పిండాలు పెట్టారు. ఏడు చూలు కట్టాయి, ఒక్కటే ఈనింది. ఆ పిల్ల ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లోనే చచ్చిపోయింది. మిగిలిన 56 నీకు కథ కాదా?

నా చిన్నప్పుడు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచలో మా బర్రె ఈనిన మూడోరోజే దూడ చచ్చిపోయింది. ఇక పాలు చేపేది కాదు. నాయన ఆ దూడ తోలులో వరిగడ్డి కూరి, కుట్టి, దాని ముందు నిలబెట్టాడు. అమ్మ తోలుకు ఉప్పునీళ్లు రాసేది. బర్రె నాకుతూ నాకుతూ చేపేది. అమ్మ పిండుతున్నంతసేపూ దాని మొహం చూసేది కాదు. ఆ పాలమ్మే నా స్కూలు ఫీజు కట్టారు. అందుకే నాకది మనసులోంచి పోదు.

నా మొదటి కథ అదే. మరాఠీ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకుని రాశాను. హైదరాబాదులో ఒక ఎడిటర్ 'బర్రె' అని ఉన్నచోటల్లా ఎర్ర ఇంకుతో 'గేదె' అని దిద్ది, ఈ యాస పాఠకులకు ఎక్కదని తిప్పి పంపాడు. నాలుగేళ్లు కలం ముట్టలేదు. ఇప్పుడు మా పక్క ఊరివాడివి, ఎవరూ అడక్కుండానే నువ్వే 'గేదె' అని రాశావు! ఇంకోచోట 'అడవిదున్న' అన్నావు. అది వేరే జంతువు. తెలుసుకో.

క్లోనింగ్ మంచిదా చెడ్డదా అని అడిగావు. మన గడ్చిరోలి జిల్లా కొలామార్క అడవిలో అడవిబర్రెలు కొన్నయినా ఇంకా బతికున్నాయి. వాటికి మేత, నీళ్లు లేకుండా చేసి, ఊరి పశువుల జబ్బులు అంటనిచ్చి, పోయాక ల్యాబులో పుట్టించుకుందాం అనుకోవడం మహాపాపం అనిపిస్తుంది నాకు. పుట్టిన దూడ ఎక్కడ మేస్తుంది? ఏ మందతో తిరుగుతుంది? నీ కథలో కంచె ఉంది, కెమెరాలున్నాయి, గడ్డి లేదు. ఈమధ్య ల్యాబు, రోబో ఉంటే చాలు కథ కొత్తదైపోతోంది, పత్రికలు ఎగబడి వేసుకుంటున్నాయి. నువ్వు ఆ దారి పట్టకు.

పుస్తకం ఎవరు వేస్తారో తర్వాత చూద్దాం. ఎండలు ముదరకముందే రా, కమలాపూర్ అడవి దాకా పోదాం. ఈలోగా మీ ఊళ్లో ఎవరి బర్రెయినా ఈనే రాత్రి, తెల్లారేదాకా దాని దగ్గరే కూర్చో. కథ అక్కడ మొదలుపెట్టి మళ్లీ పంపు. బర్రె అనే రాయి.

మీ అన్న,
సిరోంచ