హాంకాంగ్‌లో ఐదు రోజులు: అమ్మతో కలిసి కొండలు, తోటలు చూడొచ్చా?

నవంబరులో ఐదు రోజులకి హాంకాంగ్ వెళ్తున్నామని, 62 ఏళ్ల అమ్మగారు కూడా వస్తున్నారని, షాపింగ్ మీద మీకు ఆసక్తి లేదని రాశారు. అంత పెద్ద సిటీలో కొండ నడకలు, మంచి వ్యూలు, తోటలు దొరుకుతాయా, అవి అమ్మగారికి కుదురుతాయా అన్నది మీ ప్రశ్న. రెండేళ్ల కిందట నవంబరులోనే మా అమ్మని తీసుకుని నేనూ మావారూ వెళ్లాం. అమ్మకి అప్పుడు 64. ఎడమ మోకాలు నొప్పి. అయినా రోజూ నడిచింది. కాబట్టి నిస్సంకోచంగా వెళ్లండి. కాకపోతే మేం చేసిన ఒక పొరపాటు మీరు చేయకండి, అది ముందే చెప్పేస్తాను.

ఇక్కడ ఉండగానే మొదటి సాయంత్రానికి విక్టోరియా పీక్ అనే కొండ మీదకి వెళ్లే పీక్ ట్రామ్ టికెట్లు, పైన వ్యూ చూసే టెర్రస్ టికెట్లు కొనేసుకున్నాం. 1888 నుంచి నడుస్తున్న ట్రామ్ కదా, కొండని పట్టుకుని నిటారుగా ఎక్కుతుంటే భలే ఉంటుంది. పైకి వెళ్లి చూస్తే మొత్తం మబ్బు. రెయిలింగ్ అవతల తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. గంటన్నర నిలబడి దిగొచ్చేశాం. విమానం దిగిన అలసట, చలిగాలి, అమ్మ మొహం వాడిపోయింది. అందుకే చెప్తున్నాను, వ్యూ కోసం వెళ్లే చోటికి ముందే తేదీ పెట్టుకోవద్దు. పొద్దున్నే లేచి హోటల్ కిటికీలోంచి కొండ కొన కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే ఆ రోజు కొండకి, లేకపోతే తోటకి. ఐదు రోజులూ మేం ఇలాగే చేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

నాలుగో రోజు ఆకాశం శుభ్రంగా ఉంది. సెంట్రల్ అనే ఏరియాలో 15 నంబరు బస్సెక్కి, పై అంతస్తులో ముందు సీట్లలో కూర్చుని మళ్లీ పీక్‌కి వెళ్లాం. ఈసారి టెర్రస్ జోలికి పోలేదు. పైన ట్రామ్ ఆగే పీక్ టవర్ పక్క నుంచే లుగార్డ్ రోడ్ అని ఒక సన్నటి దారి మొదలవుతుంది. హార్లెక్ రోడ్‌తో కలిసి కొండ చుట్టూ తిరిగి మళ్లీ బయల్దేరిన చోటికే వస్తుంది. మొత్తం మూడున్నర కిలోమీటర్లు. దాదాపు చదునుగా, సిమెంటు వేసి ఉంటుంది, మెట్లు ఎక్కే పని లేదు. లుగార్డ్ రోడ్ వైపు నుంచే మొదలుపెట్టండి. ఇరవై నిమిషాల్లో చెట్లు పక్కకి తప్పుకుని హార్బరు మొత్తం ఒక్కసారిగా కాళ్ల కింద పరుచుకుంటుంది. పైసా ఖర్చు లేదు. డబ్బులిచ్చి ఎక్కే టెర్రస్ కన్నా నాకు ఇదే నచ్చింది.

ఆ దారిలో ఒక పెద్ద రబ్బరు చెట్టు ఉంది. మన మర్రికి దిగినట్టే ఊడలు దిగి, నేలని పట్టుకుని, దారి పక్కనంతా అల్లుకుపోయి ఉంటాయి. అమ్మ ఒక ఊడ మీద చెయ్యేసి చాలాసేపు అక్కడే నిలబడింది. పొద్దున పూట అక్కడికి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. చేతులు ఊపుకుంటూ, మనతో కళ్లు కలవగానే ‘జో సాన్’ అంటారు, అంటే శుభోదయం. రెండు సార్లు విని అమ్మ కూడా అనడం మొదలుపెట్టింది. చుట్టు పూర్తయ్యేసరికి ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ తనే ముందు పలకరిస్తోంది. గంటలో అయిపోయే నడక, మాకు రెండు గంటలు పట్టింది.

హాంకాంగ్ అంటే మనకి అద్దాల మేడలే గుర్తొస్తాయి గానీ, అక్కడి నేలలో దాదాపు 40 శాతం కంట్రీ పార్కులే, అంటే కట్టడాలు రాకుండా కాపాడే కొండలు, అడవులు. 1976లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. కొండల్ని, రిజర్వాయర్లలోకి నీళ్లు దిగే వాలుల్ని అలా కాపాడుకున్నారు. అందుకే అక్కడ ట్రెక్కింగ్ అంటే టూర్ ప్యాకేజీ అక్కర్లేదు. సిటీ బస్సు దిగిన చోటే దారి మొదలవుతుంది.

కాస్త గట్టి నడక కావాలంటే డ్రాగన్స్ బ్యాక్ అనే కొండ దారికి వెళ్లండి. మెట్రోలో షావ్ కెయ్ వాన్ దిగి, 9 నంబరు బస్సెక్కి, తో తేయ్ వాన్ స్టాపులో దిగాలి. మొదట్లో మెట్లు, రాళ్లదారి. ఆ తర్వాత కొండ వెన్ను మీదకి చేరుకుంటాం. ఎత్తయిన చోటు షెక్ ఓ పీక్, 284 మీటర్లే. ఎత్తు తక్కువే గానీ రెండు పక్కలా సముద్రం. ఒక పక్క షెక్ ఓ ఊరు, బీచ్, ఇంకో పక్క తై తామ్ అఖాతం. ఈదురు గాలి. పైన మోకాలెత్తు పొదలే తప్ప నీడ ఉండదు. గాలి బాగుంటే పారాగ్లైడర్లు మన తల మీదుగానే వెళ్తుంటారు. వైజాగ్‌లో కైలాసగిరి మీంచి సముద్రం చూసినవాళ్లకి ఆ ఆనందం తెలుసు. అలాంటి చోట గంటసేపు నడుస్తూనే ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తర్వాత దారి చెట్ల నీడలోకి దిగి, బిగ్ వేవ్ బే బీచ్‌లో తేలుతుంది. ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నాకు మూడున్నర గంటలు. దారిలో కొట్లు లేవు. మనిషికి లీటరున్నర నీళ్లు, రెండు అరటిపళ్లు పెట్టుకోండి.

అమ్మగారి మాటేమిటంటారా? ఆ 9 నంబరు బస్సు చివరి స్టాపు షెక్ ఓ ఊరే. మేం ఇద్దరం కలిసి నడవలేదు. నేను తో తేయ్ వాన్‌లో దిగిపోయాను, మావారు అమ్మతో అదే బస్సులో షెక్ ఓ వెళ్లి బీచ్‌లో కూర్చున్నారు. నేను బిగ్ వేవ్ బేలో దిగి అక్కడ నుంచి నడుచుకుంటూ షెక్ ఓ చేరాను. అందరం కలిసి భోంచేసి మళ్లీ అదే బస్సులో వెనక్కి వచ్చేశాం. పెద్దవాళ్లని హోటల్లో వదిలేసి వెళ్లే టెన్షన్ లేదు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కే అలవాటు అమ్మగారికి ఇంకా ఉంటే మీతోనే రావచ్చు. మోకాళ్లు పట్టేస్తుంటే మాత్రం వద్దు, దిగేటప్పుడు రాళ్ల మీద ఇబ్బంది పడతారు. ఆదివారం ఆ బస్సు కిక్కిరిసి ఉంటుంది, వారం మధ్యలో వెళ్లండి.

తోటల్లో నా ఓటు నాన్ లియాన్ గార్డెన్‌కి. డైమండ్ హిల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే, ప్రవేశం ఉచితం. 2006లో తెరిచారు, మూడున్నర హెక్టార్లు. చైనాలో తాంగ్ రాజుల కాలం నాటి పద్ధతిలో వేసిన తోట. చుట్టూ ముప్పై, నలభై అంతస్తుల అపార్ట్‌మెంట్లు, మధ్యలో కొలను, బంగారు రంగు మండపం, దానికి చేరే ఎర్రటి వంతెనలు. తోటలో దారి ఒకే వైపుకి సాగుతుంది కాబట్టి ఎదురొచ్చేవాళ్లు, తోసుకోవడాలు లేవు. నన్ను కట్టిపడేసినవి అక్కడి పైన్ చెట్లు. ఒక్కో కొమ్మనీ ఏళ్ల తరబడి వంచి, కత్తిరించి, బరువైన కొమ్మకి కింద కర్ర ఊతం పెట్టి పెంచారు. ఒక తోటమాలి నిచ్చెన మీద కూర్చుని ఎండిన ఆకుల్ని వేళ్లతో ఒక్కొక్కటే తీస్తున్నాడు. మేం చుట్టు తిరిగొచ్చేసరికి కూడా అదే కొమ్మ దగ్గర ఉన్నాడు.

అక్కడ నుంచి పాదచారుల వంతెన దాటితే చి లిన్ నన్నరీ, బౌద్ధ సన్యాసినుల ఆశ్రమం. 1934లో పెట్టిన ఆశ్రమాన్ని 1990ల్లో తిరిగి కట్టారు, అదీ ఇనుప మేకులు వాడకుండా చెక్కతోనే. ఒక దూలాన్ని తొలిచి, ఇంకో దూలం కొసని సరిగ్గా అందులో కూర్చోబెట్టడమే. తోటలోనే ఉన్న చిన్న ప్రదర్శనశాలలో ఆ నిర్మాణాల నమూనాలు పెట్టారు. మా తాతగారు వడ్రంగి. ఆ అతుకులు చూసి అమ్మకి వాళ్ల ఇంటి వసారా గుర్తొచ్చింది, తాతగారు తలుపులు బిగించిన తీరు అక్కడే కూర్చుని చెప్పింది. ఆ కథలు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. తోటలో జలపాతం వెనకాల శాకాహార హోటల్ ఉంది, మధ్యాహ్నం పన్నెండుకి ముందే వెళ్తే చోటు దొరుకుతుంది. బయట మామూలు హోటళ్లలో కూరగాయల సూప్ అన్నా మాంసం రసం కలిసి ఉండొచ్చు, అడిగి తీసుకోండి. మన వైపు తిండి మీద బెంగ పుడితే చిమ్ షా చుయ్ ఏరియాలో చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే బిల్డింగులో ఇండియన్ హోటళ్లున్నాయి.

టైం మిగిలితే సెంట్రల్ దగ్గర హాంకాంగ్ పార్కు చూడండి, పక్షులున్న పెద్ద వల పందిరి, టీ సామాన్ల మ్యూజియం ఉన్నాయి. లాంటావ్ దీవిలో పెద్ద బుద్ధుడి విగ్రహానికి, కేబుల్ కార్‌కి ఒక రోజంతా పోతుంది. విగ్రహం దగ్గరికి 268 మెట్లు. అమ్మగారు బుద్ధుణ్ణి చూడాలంటేనే పెట్టుకోండి, లేకపోతే నేను వదిలేయమంటాను.

నవంబరులో వాన భయం తక్కువ, నడవడానికి చక్కటి చల్లదనం. కానీ సాయంత్రం ఐదూ నలభైకల్లా సూర్యాస్తమయం అయిపోతుంది. డ్రాగన్స్ బ్యాక్ మీదకి పొద్దున తొమ్మిదికల్లా చేరండి. మెట్రోకి, బస్సులకి ఎయిర్‌పోర్టులోనే ఒక్కొక్కరికి ఒక ఆక్టోపస్ కార్డు తీసుకోండి.

హోటల్ ఏ ఏరియాలో తీసుకున్నారో, అమ్మగారు మామూలుగా ఎంత దూరం నడుస్తారో రాస్తే, ఏ రోజు ఎటు వెళ్తే బాగుంటుందో, ఏ బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్తాను.