అక్టోబరులో సైకిల్ మూలన పెట్టకు

ప్రశ్న: అక్కా, మాది కడప. ఆగస్టు ఆఖరున ఎం.ఎస్. చదవడానికి నెదర్లాండ్స్ వెళ్తున్నాను. గదికీ కాలేజీకీ మధ్య ఆరు కిలోమీటర్లు. అక్కడ అందరూ సైకిలే తొక్కుతారట. పదో తరగతి తర్వాత నేను సైకిల్ ముట్టలేదు. చలిలో, వానలో ఆడపిల్లలు ఎలా తొక్కుతారు? నెలసరి రోజుల్లో ఎలా? అమ్మ భయపడుతోంది.

జవాబు: సెలవులకు నేనూ కడపలోనే ఉన్నాను కాబట్టి నిన్న మీ తల్లీకూతుళ్లను ఎర్రముక్కపల్లిలో మా ఇంటికి పిలిచాను. అప్పుడు చెప్పినవీ, మీ అమ్మగారి ముందు నువ్వు అడగలేకపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నీలాగే ప్రయాణానికి సిద్ధమవుతున్న మిగతా అమ్మాయిలకూ పనికొస్తాయి.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో నేను పదమూడేళ్లుగా ఉంటున్నాను. ఏటా సెప్టెంబరులో మన అమ్మాయిలు సైకిళ్లు కొనుక్కుని ఉత్సాహంగా తిరుగుతారు. నవంబరు వచ్చేసరికి అవి అపార్ట్‌మెంటు కింద తుప్పు పడుతూ ఉంటాయి. ఎందుకు మానేశావంటే చలి అంటారు. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరికి సీటు నొప్పి, ఒకరికి తడిసిన జీన్స్‌తో రోజంతా క్లాసులో కూర్చోవలసి వచ్చిన బాధ, ఇంకొకరికి సరైన లైటు లేక చీకట్లో కలిగిన భయం. అన్నీ సరిచేసుకోగలిగినవే. కానీ ఒకసారి మానేస్తే మార్చిలో మళ్లీ ఎక్కబుద్ధి కాదు. అందుకే నా మాట ఒక్కటే: మొదటి చలికాలం ఆపకుండా తొక్కు. దానికి కావలసిన ఏర్పాట్లు ఇప్పుడే చేసుకో.

ముందు సీటు. నిన్న మా కడప బండల అరుగు మీద ముడతల అట్ట పరిచి నిన్ను కూర్చోమన్నప్పుడు మీ అమ్మగారు వింతగా చూశారు. పాదాలు పీట మీద పెట్టి, కాస్త ముందుకు వంగి ఒక నిమిషం కూర్చుంటే అట్ట మీద రెండు గుంటలు పడతాయి. అవి మన కూర్చునే ఎముకల గుర్తులు. వాటి మధ్య దూరం నీకు పదమూడు సెంటీమీటర్లు వచ్చింది. ఆడవాళ్ల కటి ఎముక సాధారణంగా మగవాళ్లకంటే వెడల్పుగా ఉంటుంది. సీటు వెనుక భాగం ఆ కొలత కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే ఉండాలి. సన్నగా ఉంటే బరువు ఎముకల మీద ఆగక మధ్యలోని మెత్తటి చోట పడుతుంది. తిమ్మిరి, మంట అక్కడే మొదలవుతాయి. బాగా మెత్తటి స్పాంజి సీటు హాయిగా ఉంటుందని మోసపోవద్దు. అందులోకి దిగబడితే ఒత్తిడి మళ్లీ అదే చోటికి వస్తుంది. సీటు ముక్కు పైకి లేచి ఉండకూడదు. సమంగా ఉండాలి, లేదా ఒక్క రవ్వ కిందికి.

ఎత్తు సంగతి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు చక్కగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మునివేళ్ల దగ్గరి భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. మొదటి వారం మాత్రం పాదం నేలకు ఆనేంత కిందికి దించుకో, ధైర్యం వచ్చాక పైకి లేపు. అక్కడి డచ్చి జనం పొడగరులు, సైకిళ్లూ వాళ్లకు తగ్గట్టే ఉంటాయి. ఐదడుగుల ఒక అంగుళం ఉన్న నీకు చిన్న ఫ్రేము కావాలి. దొరకకపోతే హైస్కూలు పిల్లల సైకిల్ కొనుక్కో, అందులో నామోషీ ఏమీ లేదు. నేలకు దగ్గరగా వంగిన ఫ్రేము, గొలుసుకు పూర్తి మూత, వెనుక చక్రానికి బట్టల రక్షణ ఉన్నవి ఎంచుకో. మన మోటారు సైకిళ్లకు చీర గార్డు ఉంటుంది కదా, అలాంటిదే. అది ఉన్నా చున్నీని మాత్రం నమ్మకు. తీసి సంచిలో పెట్టుకో.

చాలా సైకిళ్లకు అక్కడ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మనకు సిగ్నల్ దగ్గర ఆగి, పెడల్ వెనక్కి తిప్పి కాలికి అనువుగా పెట్టుకోవడం అలవాటు. అక్కడ అలా తిప్పబోతే పెడల్ కదలదు. కాబట్టి ఆగేటప్పుడే కుడి పెడల్ కాస్త పైన ఉండేలా చూసుకుని ఆగాలి. వారంలో అలవాటైపోతుంది.

ఇక వాన. కడప జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు పడుతుంది, నెదర్లాండ్స్‌లో దాదాపు 850. తేడా అంత పెద్దది కాదు. మన వాన అంటే 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచుకుపోయిన వాన లాంటిది, లేదంటే నెలల తరబడి చుక్క ఉండదు. అక్కడ ఏడాది పొడవునా తుంపర తుంపరగా పడుతుంది. రాబోయే రెండు గంటల వానను చూపే బాయెన్‌రాడార్ యాప్ ఫోనులో పెట్టుకో. పావుగంట ఆగి బయలుదేరితే తడవకుండా వెళ్లే రోజులు ఎన్నో ఉంటాయి. వాన కోటుతో పాటు వాన ప్యాంటు తప్పనిసరి. తల మీదుగా తొడుక్కునే వదులు వాన ముసుగు, అదే పాంచో, వద్దంటాను, గాలికి తెరచాపలా ఉబ్బి సైకిల్‌ను పక్కకు లాగుతుంది. ఒక చేత్తో గొడుగు పట్టుకుని తొక్కే డచ్చి అమ్మాయిలను చూసి మురిసిపో, నువ్వు మాత్రం ప్రయత్నించకు.

వానకంటే నేను భయపడేది తడి ఆకులకు. నా రెండో ఏడాది నవంబరులో, ఓక్ చెట్ల కింద మలుపు తిరుగుతూ ముందు బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం సబ్బు మీద పెట్టినట్టు జారింది. చెయ్యి నేలకు ఆనించాను, మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టుతో ఉండి, ఎడమ చేత్తో పోపు వేసుకున్నాను. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, ఆకుల మీద బ్రేకు ముట్టకుండా నిదానంగా దాటిపోవాలని అప్పుడు తెలుసుకున్నాను. తడిసిన తెల్ల గీతలు, ఇనుప మూతలు కూడా అంతే. ట్రామ్ ఉన్న ఊళ్లో పట్టాలను ఏటవాలుగా దాటితే చక్రం ఇరుక్కుంటుంది, అడ్డంగా దాటాలి.

చలికి మీ అమ్మగారు కొనిపెట్టిన లావుపాటి స్వెటర్ ఒక్కటే చాలదు. ఒంటికి అంటుకుని ఉండే థర్మల్ లోపల, పల్చటి ఉన్ని స్వెటర్ దాని మీద, గాలి దూరని జాకెట్ పైన. లోపల నూలు బనియన్ వద్దు, చెమటను పట్టుకుని ఒంటికి చల్లగా అంటుకుపోతుంది. జీన్స్ కింద థర్మల్ లెగ్గింగ్ వేసుకో, గాలి ముందు తొడలకే తగులుతుంది. ఇంటి నుంచి బయటికి రాగానే కాస్త చలి వేయాలి, అదే సరైన లెక్క. గడప దగ్గరే వెచ్చగా ఉంటే రెండో కిలోమీటరుకే చెమట పడుతుంది. చేతి తొడుగుల మీద మాత్రం డబ్బు ఆదా చేయకు. వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టలేవు. మంచు గడ్డకట్టిన తెల్లవారు జాములలో, ముఖ్యంగా వంతెనల మీద, రోడ్డు నల్లగా మెరుస్తుంటే దిగి నడిచిపో, లేదా బస్సెక్కు. అది మానేయడం కిందికి రాదు.

అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. మర్నాడు క్లాసు అయ్యేసరికి ఉన్నట్టుండి చీకటి. డిసెంబరులో కడపలో ఐదున్నర దాటాకే పొద్దు గుంకుతుంది, అక్కడ నాలుగున్నరకే. ఉదయం ఎనిమిదిన్నర దాటినా సూర్యుడు రాడు. ముందు తెల్ల లేదా పసుపు లైటు, వెనుక ఎర్ర లైటు చట్టప్రకారం ఉండాలి, లేకపోతే జరిమానా. సైకిల్ మీద ఫోను చేతిలో పట్టుకోవడం 2019 జూలై నుంచి నేరం. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి సంచిలో ఇంకో జత లైట్లు ఉంచుకో. రాత్రి పార్కులోని దగ్గరి దారి కంటే దీపాలున్న చుట్టుదారే మేలు. అక్కడ హెల్మెట్ తప్పనిసరి కాదు. అయినా మొదటి ఏడాది పెట్టుకోమనే చెప్తాను. కొప్పు ముడిస్తే అది సరిగ్గా కూర్చోదు, జడ కిందికి వేసుకో.

నెలసరి గురించి. తొక్కకూడదని ఏమీ లేదు. చాలామందికి మెల్లగా తొక్కితే నడుము బిగువు తగ్గుతుంది కూడా. మందపాటి ప్యాడ్ ఒరుసుకుంటుంది, పల్చటిది వాడు. మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటైతే ఇంకా హాయి. లోదుస్తుల కుట్టు సరిగ్గా సీటు మీదికి రాకుండా చూసుకో. ఆరు కిలోమీటర్లకు లోపల మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు (ప్యాడింగ్ షార్ట్స్) అక్కరలేదు. సెలవు రోజున దూరం వెళ్లేటప్పుడు వేసుకుంటే దాని కింద మరేమీ వేసుకోకూడదు, ఇది చాలామందికి తెలియదు. చెమటతో, వానతో తడిసిన బట్టలు చేరగానే మార్చుకో. తడి, ఒరిపిడి కలిస్తే దురద, ఇన్ఫెక్షన్ వస్తాయి. చలి కదా అని నీళ్లు తాగడం మానేయకు. ఎంతకూ తగ్గని నొప్పి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు. అక్కడ ఈ మాట ఎవరూ వింతగా వినరు.

"మార్చి వస్తే ఎండలే కదా" అన్నారు మీ అమ్మగారు. ఎండ ఉంటుందమ్మా, వేడి ఉండదు. కొండలు దాదాపు లేని ఆ దేశంలో ఎదురుగాలే కొండ. గేర్లున్న సైకిల్ కొనమనేది అందుకే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు చూసిన మనం మార్చి వెలుతురు చూడగానే జాకెట్ తీసేసి చలికి వణికిపోతాం. ఏప్రిల్ దాకా ఆగు.

ఇంకా ఆరు వారాలు చేతిలో ఉన్నాయి. ఉదయం ఐదున్నరకు దేవుని కడప దారిలో రద్దీ ఉండదు. మలుపు తిరిగే ముందు చెయ్యి చాపి చూపడం అక్కడ తప్పనిసరి కాబట్టి ఒంటి చేత్తో నిటారుగా తొక్కడం సాధన చెయ్యి. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ. తలతిప్పి వెనక్కి చూసినా సైకిల్ వంకర పోకుండా నేర్చుకో. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, అది వెళ్లాకే అలవాటవుతుంది. రోడ్డు మీద తెల్ల త్రికోణాల మొనలు నీవైపు చూస్తుంటే అడ్డంగా వచ్చేవాళ్లకు నువ్వే దారి ఇవ్వాలి, అదొక్కటి ఇప్పుడే గుర్తుపెట్టుకో. మీ ఇంట్లో సైకిల్ లేదన్నావు కదా. మా మేనకోడలిది ఖాళీగానే ఉంది. నిన్న నువ్వు వెళ్లాక గాలి కొట్టించి, సీటు నీకు సరిపోయేంత కిందికి దించి పెట్టాను. వచ్చి తీసుకెళ్లు.