డ్రిల్ పెట్టె తెరవకముందే చదువు

అమ్మలూ,

ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. షికాగోలో పాత సామాన్ల దుకాణంలో నువ్వు 1960లనాటి హార్మనీ కంపెనీ గిటారు కొన్నావని, నీ చేతులతోనే బాగుచేసుకుంటావని, తీగలు మీటడానికి చెక్క పిక్‌లు కూడా చెక్కుకుంటావని చెప్పింది. వింటుంటే ఎంత గర్వం కలిగిందో! అంతలోనే "డ్రిల్ కూడా కొంది అన్నయ్యా" అంది. ఇక నిద్ర పట్టలేదు.

తీగలు విప్పేముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకో. ఊడదీసిన ప్రతి మరా ఎక్కడిదో రాసి విడిగా పెట్టుకో. కొలతలకు వెర్నియర్ వాడు, స్కేలు వద్దు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. 1983లో సికింద్రాబాదులో నాకు గిటారు నేర్పింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. ఆయన దగ్గర అమెరికాలో తయారైన పాత గిటారు ఉండేది. తీగలు బిగించే కీలలో (వీణకైతే బిరడలంటాం) ఒకదాని ప్లాస్టిక్ బిళ్ల ఎండి పొడిగా రాలిపోయింది. పళ్లచక్రం నిక్షేపంగా ఉంది. పోయింది వేలితో తిప్పే ఆ బిళ్ల ఒక్కటే. నేను బాగుచేసి తెస్తానన్నాను. ఎంత తిరిగినా అలాంటి బిళ్ల దొరకలేదు. ఒక దుకాణంలో కొత్తరకం కీలు ఆరూ కనిపిస్తే మురిసిపోయి కొన్నాను. వాటి గొట్టాలు లావు. గిటారు తలలో కీల కోసం ఉన్న పాత రంధ్రం తొమ్మిది మిల్లీమీటర్లు కూడా లేదు, వీటికి పది కావాలి. ఒక్క మిల్లీమీటరే కదా అనుకున్నాను.

ఉన్న రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేయబోతే బిట్‌కు మధ్యలో ఆధారం ఉండదు, అంచును కొరికి లాగేస్తుంది. మూడో రంధ్రం దగ్గర టప్పుమంది. అక్కడి నుంచి తల అంచుదాకా చీలింది, పైపూత పెచ్చులుగా లేచింది. అప్పుడైనా ఆగానా? జిగురు పెట్టి బిగించి, మిగిలిన మూడూ తొలిచాను. పాత కీలను పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను.

ఆయన ఆ చీలికను బొటనవేలితో తడిమారు. ఒక్క మాట అనలేదు. "పాతవి ఎక్కడ?" అని మాత్రం అడిగారు. మరుసటి ఏడు వాళ్ల కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. నలభై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అందుకని, బిళ్ల పోతే బిళ్లే కొను. ఇప్పుడు విడిగా దొరుకుతున్నాయి. ఇరుసును సోల్డరింగ్ ఐరన్‌తో కాస్త వేడిచేసి బిళ్లను నెడితే కూర్చుంటుంది. కీలే మార్చవలసి వస్తే, రంధ్రాల వెడల్పూ వాటి మధ్య దూరమూ కొలిచి సరిగ్గా అదే కొలతవి వెతుకు. హార్మనీ 1975లో మూతపడినా దిగులు పడకు. సియర్స్ సంస్థ సిల్వర్‌టోన్ పేరుతో అమ్మిన గిటార్లలో చాలా వాటిని హార్మనీయే చేసింది, ఆ పేరుతోనూ వెతుకు. తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ పలకకపోతే ముందు టంకం అతుకులు చూడు. శబ్దం పెంచి తగ్గించే వాల్యూమ్ పాట్ వెనక 1376522 లాంటి అంకెలుంటే అది సీటీఎస్ కంపెనీది (137 ఆ కంపెనీ గుర్తు), 1965లో 22వ వారం చేసినది. అమ్మినవారు చెప్పిన ఏడును దానితో సరిచూసుకో. ఊడదీసినది ఏదైనా, విరిగినదైనా సరే, పారేయకు.

పిక్‌లకు రోజ్‌వుడ్, ఎబొనీ తుంపులు బాగుంటాయి. చెక్క పోగు మొన వైపుకు సాగాలి, అడ్డంగా ఉంటే మొన విరిగిపోతుంది. మూడు మిల్లీమీటర్ల మందం నుంచి మొదలుపెట్టు. సన్న తీగ చుట్టిన లావు తీగల మీద చెక్క త్వరగా అరుగుతుంది, నాలుగైదు చేసుకో. సరోద్ వాయించేవాళ్లు కొబ్బరిచిప్ప ముక్కతో మీటుతారు, అదీ ప్రయత్నించు.

కానీ ముక్కుకు మాస్కు లేకుండా ఆ చెక్కను రుద్దావో, విమానమెక్కి వచ్చి మరీ తిడతాను! రోజ్‌వుడ్ పొడి ఊపిరికి పడదు. రెండేళ్ల వయసులో నీకు ఆయాసం వస్తే రాత్రంతా భుజాన వేసుకుని డాబా మీద తిప్పినవాణ్ణి. ఆ పిల్లికూత ఇంకా నా చెవిలోనే ఉంది తల్లీ.

కీల వెనక భాగం ఫోటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా ఆ డ్రిల్ పెట్టె మూసే ఉంచు.

మీ మామయ్య