రాత్రి విచ్చిన ఆ తెల్ల పువ్వు ఏ కాక్టస్‌ది?

ప్రశ్న: పేరు రాసిన చీటీ లేని ఒక కాక్టస్ మా దగ్గరుంది. గుండ్రంగా, పది సెంటీమీటర్ల అడ్డుకొలతతో ఉంటుంది. 14 గట్లు, చాలా పొట్టి గోధుమరంగు ముళ్లు, అడుగున బోలెడు పిలకలు. ఈమధ్య పక్కనుంచి నల్లటి నూగుతో మొగ్గ లేచి, జానెడు పొడవు సాగి, ఓ సాయంత్రం విచ్చింది. తెల్ల పువ్వు, సన్నటి వాసన. మర్నాడు మధ్యాహ్నానికి వాలిపోయింది. ఒకరు మామిల్లేరియా అన్నారు, మరొకరు బ్రహ్మకమలం అన్నారు. ఇంతకీ ఏది? తీసి వేరే కుండీలో పెట్టిన పిలకలు ఒక్క పువ్వూ పూయవెందుకు?

జవాబు: ఆ రెండూ కాదు. మామిల్లేరియాకు గట్లుండవు, చిన్న చిన్న బొడిపెలుంటాయి. పూలు కూడా చాలావాటిలో రెండు మూడు సెంటీమీటర్లే, నడినెత్తి చుట్టూ వలయంగా పూస్తాయి. ఇళ్లలో బ్రహ్మకమలం పేరుతో పెంచే ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ కాండాలు ఆకుల్లా బల్లపరుపుగా ఉంటాయి, ముళ్లుండవు. రాత్రి పూస్తుందన్న ఒక్క పోలికతో ఆ పేరు చెప్పి ఉంటారు.

మీరు రాసినవాటిలో అసలు పనికొచ్చేవి ‘పక్కనుంచి’, ‘నూగుతో’ అన్న మాటలు. కాక్టస్‌ను ముళ్లను బట్టి పోల్చబోతే తరచూ పొరపాటే. ఎండ, వయసు, ఎరువును బట్టి ఒకే మొక్కలో ముళ్ల పొడవు, రంగు మారుతుంటాయి. మొగ్గ ఎక్కణ్నుంచి వచ్చింది, పూరేకుల కింద గొట్టం ఎలా ఉంది అన్నవి అంత తేలిగ్గా మారవు. జిమ్నోకాలిసియమ్ అనే మరో గుండ్రటి కాక్టస్ గొట్టం నున్నగా ఉంటుంది, వెడల్పాటి పొలుసులే తప్ప వెంట్రుక ఉండదు. అలాంటిదే అయిన పరోడియా పూలు నెత్తిమీద, పొట్టి గొట్టంతో, పగలు విచ్చుకుంటాయి. పక్కనుంచి లేచిన, నూగున్న, జానెడు గొట్టం, సాయంత్రం విచ్చి మర్నాడు వాలడం, అడుగున పిలకలు... ఇవన్నీ కలిసేది ఎకినాప్సిస్ అనే కాక్టస్ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో).

అందులోనూ ముళ్లు అర సెంటీమీటరు దాటక, పువ్వు తెల్లగా ఉంటే ఎకినాప్సిస్ ఐరియేసై అనే జాతి వైపు మొగ్గుతాం. ముళ్లు పొడవై, పువ్వు గులాబిగా ఉంటే ఎకినాప్సిస్ ఆక్సిగోనా. ముళ్లను చూడవలసింది ఇక్కడ, ప్రజాతి తేలిన తర్వాతే. రెండూ దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే, ఈశాన్య అర్జెంటీనా ప్రాంతాలవి. అయితే 19వ శతాబ్దం నుంచీ కుండీల్లో పెరుగుతూ, ఒకదానితో ఒకటి సంకరమవుతూ వచ్చాయి. పిలకలుగా చేతులు మారిన మొక్కకు అచ్చమైన జాతి పేరు కట్టబెట్టడం సాహసమే. చీటీ మీద ‘ఎకినాప్సిస్, ఐరియేసై రకం’ అని రాసుకోండి. అంతకుమించి రాస్తే ఊహే.

ఈసారి పూసినప్పుడు ఖాయం చేసుకోవడానికి ఇలా చేయండి. మొగ్గ బఠాణీగింజంత ఉన్నప్పుడు ఒక ఫోటో, పువ్వు పూర్తిగా విచ్చాక పక్కనుంచి స్కేలు పెట్టి మరొకటి తీయండి. చాలామంది పైనుంచి మాత్రమే తీస్తారు, గొట్టం కనపడదు, ఫోటో వృథా. విచ్చిన, వాలిన వేళలు రాసుకోండి. గట్లను మొక్క నడుమెత్తున లెక్కపెట్టండి, మొదలుపెట్టిన గట్టుకు దారం ముక్క తగిలించాలి. నెత్తి దగ్గర కొత్త గట్లు మొదలవుతుంటాయి కాబట్టి అక్కడ లెక్క తప్పుతుంది. వాలిన పువ్వును పారేయకుండా బ్లేడుతో నిలువునా చీల్చండి. ఎకినాప్సిస్ అయితే కేసరాలు రెండు వరసల్లో కనిపిస్తాయి: కొన్ని గొట్టం లోతుల్లోంచి, మిగతావి గొట్టం నోటి దగ్గర వలయంగా.

అన్నట్టు, పువ్వే లేని మొక్క దొరికితే అది అసలు కాక్టసో కాదో ముందు తేల్చుకోవాలి. భూతద్దంతో ముళ్ల మొదలు చూడండి. కాక్టస్ అయితే ముళ్లన్నీ మెత్తటి నూగుదిండులాంటి చుక్కలోంచి వస్తాయి. దాన్ని ఏరియోల్ అంటారు. కాక్టస్‌లా కనిపించే వేరే కుటుంబపు మొక్కలైన యూఫోర్బియాలకు అది ఉండదు. గిల్లితే తెల్లటి పాలు వస్తే యూఫోర్బియా అనే సూత్రం పూర్తిగా నమ్మదగింది కాదు, కొన్ని మామిల్లేరియాలకూ పాలొస్తాయి. పైగా యూఫోర్బియా పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఇక పిలకలు పూయకపోవడానికి మొదటి కారణం వయసు. ఆరేడు సెంటీమీటర్లు దాటేదాకా ఆశ పెట్టుకోకండి. ఆ తర్వాత కూడా పూయకుండా పిలకలే పెడుతుంటే నత్రజని ఎక్కువై, ఎండ తక్కువైందని అర్థం. రోజుకు నాలుగైదు గంటల నేరుటెండ ఇవ్వండి, కానీ నీడలోంచి ఒక్కసారిగా మార్చితే పైచర్మం మాడుతుంది. రెండు వారాల్లో మెల్లగా అలవాటు చేయాలి. చలి నెలల్లో నీళ్లు దాదాపు ఆపేసి, రాత్రి చల్లదనం తగిలేచోట ఉంచండి. ఈ విరామం లేకపోతే మొగ్గలు తగ్గుతాయి. పెరిగే కాలంలో పొటాష్ ఎక్కువున్న ఎరువు, డబ్బా మీద చెప్పిన మోతాదులో సగం, నెలకోసారి చాలు. మొగ్గ కనిపించాక కుండీని తిప్పకండి, నీళ్లు మానేయకండి. రెంటికీ మొగ్గ ఎండి రాలిపోవచ్చు.

విత్తనాలు కావాలంటే తల్లిమొక్క పుప్పొడిని దాని పిలక పువ్వుకు అద్దితే లాభం లేదు. రెండూ జన్యుపరంగా ఒకటే, సాధారణంగా కాయ నిలవదు. వేరేచోట నుంచి వచ్చిన ఎకినాప్సిస్ అదే రాత్రి పూయాలి.