రెండు కర్మాగారాలు, ఒకే నష్టం: మీ లెక్క 120 ఎందుకైంది?
రెండు కర్మాగారాలు కలిసి చేసిన నష్టంలో దేని వాటా ఎంత అని మీరు అడిగారు. మీరు చెప్పిన ప్రకారం మొదటి కర్మాగారం ఒక్కటే అయితే నష్టం 60, రెండోది ఒక్కటే అయితే 20, రెండూ కలిస్తే 100. ‘ఇది లేకపోతే ఎంత తగ్గేది?’ అని విడివిడిగా లెక్కేశారు కాబట్టి మొదటిదానికి 80 (100 − 20), రెండోదానికి 40 (100 − 60) వచ్చాయి; కలిపితే 120. కలయిక వల్ల పుట్టిన 20ని రెండుసార్లు లెక్కేశారన్నమాట.

అమెరికన్ గణిత శాస్త్రవేత్త లాయిడ్ షాప్లీ 1953లో చూపిన పద్ధతి వాడండి. సాధ్యమైన ప్రతి వరుసలోనూ ఒక్కొక్కటి చేరినప్పుడు పెరిగిన నష్టం చూసి, సగటు తీయండి. మొదటిది ముందు చేరితే 60, తర్వాత చేరితే 80; సగటు 70. రెండోదానికి 20, 40, సగటు 30. మొత్తం సరిగ్గా 100.

60:20 నిష్పత్తిలో పంచితే 75, 25 వస్తాయి. అది నాకు నచ్చదు. ఆ ఉమ్మడి 20కి ఇద్దరూ సమానంగా కారకులే కదా! అయితే ఈ పద్ధతి కొలిచేది కారణాన్నే. ఒకరిది నిర్లక్ష్యం, మరొకరిది కావాలని చేసిన పని అయితే ఆ తేడాను విడిగా చూసుకోవాలి.