మాల వేయించి ఒకేసారి తాగుడు మాన్పించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా రోజూ కల్లు తాగుతారు. నాలుగేళ్లుగా రాత్రిపూట క్వార్టర్ కూడా తోడైంది. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మగవారిలో మద్యం తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రలో 23 శాతం అని చదివాను. మద్యం చావులు కూడా మా వైపే ఎక్కువా? వచ్చే నెల అయ్యప్ప మాల వేయించి ఒకేసారి మాన్పిద్దామనుకుంటున్నాం.
- ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మీరు చదివినవి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు. ఎంతమంది తాగుతారన్నది వాటివల్ల తెలుస్తుంది గానీ, ఎంతమంది ప్రాణం పోతుందన్నది తెలియదు. 2016 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం అమలులో ఉన్న బిహార్‌లో అదే సర్వే ప్రకారం తాగే మగవారు 15 శాతం పైచిలుకే అయినా, 2022 డిసెంబరులో ఒక్క సారణ్ జిల్లాలోనే కల్తీ సారా 70 మందికి పైగా బలి తీసుకుంది. నిషేధం లేని తమిళనాడులో కూడా 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా ఇలాగే చనిపోయారు. అలాంటి సారాలో కలిసే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చాలామంది మర్నాడు చూపు మసకబారాక గానీ ఆస్పత్రికి రారు. పైగా 2020లో మన దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి పావు వంతు కూడా లేవు. లివర్ చెడి చనిపోయిన మనిషి గురించి ఊళ్లో ‘కామెర్లొచ్చి పోయాడు’ అనే అంటారు. అందుకే రాష్ట్రాల మధ్య మద్యం చావుల అంకెలను పోల్చేటప్పుడు నేను తొందరపడను.

మీ ప్రాంతం విషయంలో నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది కల్లు. నాన్నగారు తాగేది గీసిన చెట్టు కల్లా, మందు కల్లా అన్నది తెలుసుకోండి. మందు కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటివి కలుపుతారు. అది రోజూ తాగేవారికి ఆల్కహాల్‌తో పాటు ఆ మత్తుమందులు కూడా అలవాటవుతాయి. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆస్పత్రుల పాలయ్యారు.

నాన్నగారికీ ఆ ముప్పు ఉంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఏళ్ల తరబడి అలవాటైన మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపించడం, జ్వరం, తీవ్రమైన తికమక మొదలై ప్రాణం మీదికి రావచ్చు. మందు కల్లు కూడా ఉంటే ఇవి ఇంకా ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు సాగవచ్చు. తాగుడు మానేందుకు మాల చక్కటి ఊతమే, నేను వద్దనను. కానీ ముందుగా వైద్యుడి పర్యవేక్షణలో బి1 విటమిన్‌తో పాటు అవసరమైన మందులు ఇచ్చి మాన్పించాలి. అన్నంలో తెలియకుండా కలిపే ‘తాగుడు మాన్పించే పొడి’ జోలికి మాత్రం వెళ్లకండి.

పాదాల వాపు లివర్ వల్ల కావచ్చు, గుండె లేదా కిడ్నీల వల్ల కూడా కావచ్చు. లివర్ పరీక్షలు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), షుగర్, హెపటైటిస్ బి, సి, కడుపు స్కానింగ్ ఈ వారంలోనే చేయించండి. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, పగలంతా మగత - వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మాల తేదీని కూడా వైద్యుడికి చెప్పండి. దానికి పది, పదిహేను రోజుల ముందే చికిత్స మొదలుపెట్టే వీలుంటుంది.